జీబీఎస్‌కు ఏది మేలు: స్టెరాయిడా, ఐవీఐజీనా, ప్లాస్మా మార్పిడా?

2025 జనవరిలో పుణెలో గిలియన్ బారే సిండ్రోమ్ (జీబీఎస్) కేసులు ఒక్కసారిగా పెరిగాయి. మరుసటి నెలలో గుంటూరు ప్రభుత్వాసుపత్రికీ ఈ జబ్బుతో రోగులు వచ్చారు. కాళ్లలో తిమ్మిర్లతో మొదలై, కొద్ది రోజుల్లోనే మంచం దిగలేని పరిస్థితి తెచ్చే జబ్బు ఇది. చాలామందిలో దానికి ముందు విరేచనాలో జలుబో వచ్చి తగ్గి ఉంటాయి. వాటిని తెచ్చిన క్రిమి మీదకు శరీరం తయారుచేసిన యాంటీబాడీలు, దాన్ని పోలిన పదార్థం నరాల మీద ఉండటంతో అక్కడా దాడి చేస్తాయి.

మంట (ఇన్‌ఫ్లమేషన్) వల్ల నరం దెబ్బతింటోంది కాబట్టి, మంట తగ్గించే స్టెరాయిడ్ ఇవ్వమని ఇంట్లోవాళ్లు అడగడం సహజమే. చవక కూడా. కానీ ఇక్కడ అది పనిచేయదు. 242 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 1993లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. రోజుకు 500 మిల్లీగ్రాముల మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఐదు రోజులు ఎక్కించినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. స్టెరాయిడ్ మాత్రలైతే కోలుకోవడాన్ని ఇంకా ఆలస్యం చేయవచ్చు. మెదడు, వెన్నుపాములను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో, జీబీఎస్‌ను పోలి ఉండి నెలల తరబడి సాగే నరాల జబ్బు సీఐడీపీలో ఇదే మందు ఉపయోగపడుతుంది. అందుకే ఈ పొరపాటు జరుగుతుంటుంది. ముందు స్టెరాయిడ్ వాడి చూద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, విలువైన రోజులు పోతాయి.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే: సెలైన్‌లా ఎక్కించే యాంటీబాడీల మందు ఐవీఐజీ, రక్తంలోని ప్లాస్మాను తీసేసే ప్లాస్మా మార్పిడి. 1997లో 383 మందితో పోల్చి చూస్తే ఐవీఐజీ, ప్లాస్మా మార్పిడి సమానంగా నిలిచాయి. ప్లాస్మా మార్పిడి తర్వాత ఐవీఐజీ కూడా ఇస్తే అదనంగా పెద్ద లాభమేమీ కనబడలేదు. కాబట్టి రెండూ చేయించడానికి అప్పులు చేయనక్కర్లేదు.

ఐవీఐజీ వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీల మందు. మామూలు సెలైన్‌లాగే ఎక్కిస్తారు. కిలోకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు. అంటే 60 కిలోల మనిషికి 120 గ్రాములు, బిల్లు లక్షల్లో ఉంటుంది. ప్లాస్మా మార్పిడిలో యంత్రం రక్తంలోని ప్లాస్మాను, దానితోపాటు యాంటీబాడీలను తీసేస్తుంది. ఒకటి రెండు వారాల్లో నాలుగైదు సార్లు చేస్తారు. మన దగ్గర సాధారణంగా ఖర్చు తక్కువే, కానీ చాలాసార్లు మెడ దగ్గరో గజ్జలోనో లావు గొట్టం వేయాలి, బీపీ పడిపోవచ్చు.

పిల్లలకు, బీపీ నిలకడగా లేనివాళ్లకు నేను ఐవీఐజీ వైపే మొగ్గుతాను. కిడ్నీలు బలహీనంగా ఉన్నా, గతంలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా ప్లాస్మా మార్పిడే నయం. ఇవేవీ లేని పెద్దవాళ్లకు, యంత్రమూ అలవాటున్న సిబ్బందీ ఉన్న ఆసుపత్రిలో ప్లాస్మా మార్పిడిని చవకరకం వైద్యం అనుకోవద్దు. ఫలితం అదే. ఏదైనా మొదటి రెండు వారాల్లోపు మొదలవ్వాలి.

మందు సంగతి తేలేలోపు ఊపిరి మీద కన్నేసి ఉంచాలి. సుమారు నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరమవుతుంది. ఒక్క ఊపిరిలో 20 వరకు లెక్కపెట్టలేకపోతున్నా, గుటక పడకపోయినా, గొంతు మారినా ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెంటనే మార్చండి, ఐవీఐజీ అక్కడ దొరుకుతుందో లేదో తర్వాత కనుక్కోవచ్చు.