నార్త్ ప్లాట్‌లో ఆగితే ముందు క్యాంటీన్ చూడండి

అమెరికాలో డెన్వర్ నుంచి ఒమాహా వెళ్ళే మనవాళ్ళు నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్త్ ప్లాట్‌లో గ్యాస్ కొట్టించుకుని మళ్ళీ ఐ-80 హైవే ఎక్కేస్తారు. ఆగినవాళ్ళు కూడా వైల్డ్ వెస్ట్ షోలు నడిపిన బఫెలో బిల్ ఇల్లు, రైల్వే టవర్ చూసి సరిపెట్టుకుంటారు. నా ఓటు మాత్రం ఆ ఇంటికి దగ్గర్లోనే ఉన్న లింకన్ కౌంటీ మ్యూజియంకి, అందులోని క్యాంటీన్ విభాగానికి. రెండో ప్రపంచయుద్ధంలో రైళ్ళలో వెళ్ళే సైనికులకు ఊరివాళ్ళు స్టేషన్‌లో తిండి పెట్టిన క్యాంటీన్ అది.

1941 డిసెంబర్ 17న సైన్యంలోని నెబ్రాస్కా డి కంపెనీ దళంలో ఉన్న తమ కుర్రాళ్ళ రైలు వస్తోందని జనం తినుబండారాలతో స్టేషన్‌కి చేరారు. తీరా దిగింది కాన్సాస్ డి కంపెనీ! కాసేపు తటపటాయించి, తెచ్చినవన్నీ వాళ్ళ చేతుల్లోనే పెట్టారు. ప్రతి సైనిక రైలుకీ ఇలాగే చేద్దామని మందుల షాపులో పనిచేసే రే విల్సన్ ఊరి పేపరుకి ఉత్తరం రాసింది. క్రిస్మస్ రోజే మొదలుపెట్టేశారు.

రైలు ఆగేది పది, పదిహేను నిమిషాలు, మన విజయవాడలో ఆగినంత. ఆలోపే శాండ్‌విచ్, కాఫీ, ఆ రోజు పుట్టినరోజైతే కేకు. పాప్‌కార్న్ ఉండల్లో అమ్మాయిలు అడ్రసు చీటీలు పెట్టేవారట, కొన్ని పెళ్ళిళ్ళదాకా వెళ్ళాయి! పంచదారకి రేషనున్న రోజుల్లో చుట్టుపక్కల 125 ఊళ్ళ ఆడవాళ్ళు వంతులేసుకుని వండి తెచ్చారు. డబ్బు కోసం ఒక బడిపిల్లాడు పశువుల వేలంలో తన ఒంటిమీది చొక్కానే అమ్మాడు. ఊరి జనాభా 12 వేల చిల్లరే, 1946 ఏప్రిల్ 1 దాకా 60 లక్షలమందికి పైగా సైనికులకు పెట్టారు. ఏప్రన్లు కట్టుకున్న ఆ ఆడవాళ్ళ ఫొటోల దగ్గర తొందరపడకండి.

ఆ స్టేషన్‌ని 1973లో కూల్చేశారు. ఉంచి ఉంటే ఏం పోయేదో! ఆ చోటు వెతుక్కుంటూ వెళ్ళినా చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు.

గోల్డెన్ స్పైక్ టవర్ ఎక్కితే ఎనిమిది మైళ్ళ పొడవున్న బెయిలీ రైల్వే యార్డ్ కనిపిస్తుంది. పిల్లలుంటే తప్పక వెళ్ళండి, లేకపోతే అరగంట చాలు. హైవే పక్క మోటెల్ గది శుభ్రంగానే ఉంది కానీ రాత్రంతా ట్రక్కుల మోత. వెనక వైపు గది అడగండి. శాకాహారులు పులిహోర కట్టుకెళ్ళడం మేలు.

చలికాలంలో మ్యూజియం మూసేస్తారు, ముందే ఫోన్ చేసుకోండి. డెన్వర్ నుంచి వస్తుంటే దారిలో టైమ్ గంట ముందుకు జరుగుతుంది. మూసే వేళ ఆ లెక్కన చూసుకోండి.