గండికోట టెంట్ల ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

తిరుపతి నుంచి గండికోటకు టెంట్ల ప్యాకేజీ మాట్లాడుకుంటున్నవాళ్లు దయచేసి కాస్త ఆగండి. పోయిన నెల మా తమ్ముడు, ఇద్దరు మిత్రులు, నేను వెళ్లి నిలువునా మోసపోయాం. పోయిన 6,000 రూపాయల సంగతి తర్వాత. ఆ తెల్లవారుజామున మా తమ్ముడికి ఏమై ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

మనిషికి 1,500. పెన్నా లోయ అంచునే టెంటు, నలుగురికి రెండు టెంట్లు, రాత్రి భోజనం, ఉదయం టిఫిను అన్నారు. ఫోటోలు చూసి మురిసిపోయాం. "సెలవుల రద్దీ అన్నా, మొత్తం కడితేనే టెంటు మీ పేరు మీద ఉంటుంది" అని మొత్తం ముందే ఫోనులో వేయించుకున్నారు.

రేణిగుంటలో రైలెక్కి ఎర్రగుంట్లలో దిగాం. అక్కడి నుంచి జమ్మలమడుగుకు బస్సు, ఆపైన 15 కిలోమీటర్లు ఆటో. కోట దగ్గరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. నిర్వాహకుడు ఫోను ఎత్తలేదు. గంటన్నర తర్వాత ఒక కుర్రాడు బండి మీద వచ్చి, కోటకు ఇవతల దున్ని వదిలేసిన చేనులోకి తీసుకెళ్లాడు. అక్కడి నుంచి లోయ కనబడనే కనబడదు. మాకు చూపించింది ఇద్దరు పట్టే ఒకే ఒక టెంటు. జిప్పు పళ్లు సగం ఊడిపోతే తలుపు గుడ్డను రెండు పిన్నీసులతో పట్టి ఉంచారు. అడుగు గుడ్డ చిరిగిన చోట మట్టిపెళ్లలు రాత్రంతా వీపుకు గుచ్చుకున్నాయి. అక్కడున్న అందరికీ కలిపి ఒకే నీళ్ల క్యాను, తొమ్మిదింటికే అడుగంటింది. మరుగుదొడ్డి లేదు. ఫోటోలోని చోటు కావాలంటే మనిషికి మరో 500 అన్నాడు ఆ కుర్రాడు. మేం ఇవ్వలేదు.

సూర్యోదయం చూద్దామని చీకట్లోనే లేచాం. ఆ కుర్రాణ్ణి తోడు రమ్మంటే "నేరుగా వెళ్లండి, అదే వస్తుంది" అని ముసుగు తన్నాడు. లోయ అంచున చాలా చోట్ల కంచె ఉండదు. ఎర్రబండలు మెట్లు మెట్లుగా దిగి ఉన్నట్టుండి తెగిపోతాయి. ముందు నడుస్తున్న మా తమ్ముడు ఒక బండ మీద అడుగు వేయగానే పాదం కింది రాయి జారిపోయింది. అది కింద పడిన చప్పుడు వెంటనే వినబడలేదు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. వెలుగు వచ్చేదాకా నలుగురం అక్కడే కూర్చుండిపోయాం. తెలియని చోట చీకట్లో మనుషుల్ని ఒంటరిగా అంచుకు పంపడం క్షమించరానిది.

గండికోట మీద మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు. పొద్దెక్కాక ఆ లోయను, మాధవరాయస్వామి గుడి గోపురాన్ని, మసీదును, పక్కనే ఉన్న ధాన్యాగారాన్ని చూసి కదలలేకపోయాం. తప్పక వెళ్లండి. కాకపోతే టెంటు వేసే చోటి లొకేషను ముందే ఫోనుకు పంపమనండి. పగటిపూట వీడియో కాల్ చేసి టెంటు, నీళ్లు, మరుగుదొడ్డి చూపించమనండి. కుదరదంటే ఆ బేరం వదిలేయండి. సగానికి మించి ముందు కట్టవద్దు. చీకట్లో అంచు వైపు అసలే వెళ్లవద్దు.

వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. ఇలాగే తిరుపతిలో డబ్బు కట్టి మోసపోయినవాళ్లు ఉంటే రసీదు, ఫోటోలు, సందేశాలు చెరపకుండా ఉంచి నాకు చెప్పండి. కలిసే వేద్దాం.