డాబా మీద తెల్ల పూత: ఎండకి సరే, ఉక్కపోతకి కాదు

విజయవాడ సింగ్‌నగర్‌లో పై వాటాలో నా టైలరింగ్ షాపు. నెత్తిన శ్లాబు, పక్కన ఇస్త్రీపెట్టె, పెళ్లిళ్ల ఆర్డర్లేమో సరిగ్గా ఎండల్లోనే. అందుకే డాబాకి కూల్ రూఫ్ పెయింట్ వేయించాను. అడుగుకి 30 రూపాయలు, కూలీతో కలిపి. వేసినవాళ్ల పేరు రాయను. పని బాగానే చేశారు, మాటలే కాస్త ఎక్కువ చెప్పారు.

మధ్యాహ్నం పక్కింటి డాబా మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. మా అత్తయ్య మాత్రం ఉత్తకాళ్లతో వెళ్లి వడియాలు తిరగేసి వస్తోంది. తెలుపు ఎండని తిప్పికొడుతుంది కాబట్టి సిమెంటు వేడిని దాచుకోదు. అసలు తేడా రాత్రే తెలుస్తుంది. ఇదివరకు పది దాటినా శ్లాబు సెగ కక్కేది, ఫ్యాను వేస్తే ఆ సెగే మొహాన కొట్టేది. ఆ బాధ తప్పింది.

"ఇంక ఏసీ ఎందుకమ్మా" అన్నాడు మేస్త్రి. నమ్మకండి. కృష్ణ ఒడ్డు ఊరు మనది. నడిమధ్య ఏలూరు, బందరు, రైవస్ కాలవలు, మా పక్కన బుడమేరు. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దానికి ఏ పెయింటూ లేదు. కిటికీలు మూసి కూలర్ పెడితే ఇంకా జిడ్డు. పడమటి గోడ సంగతీ అంతే, సాయంత్రం దాకా కాలుతూనే ఉంటుంది. దానికి వెదురు తడక కట్టించాను, పూతకన్నా చవక.

కింది వాటాల వాళ్లు దీనికి డబ్బులు పోయకండి, శ్లాబు వేడి మీదాకా రాదు. 2024 సెప్టెంబరు వరద తర్వాత మా కింది గోడల్లో నెలల తరబడి చెమ్మే, అది వేరే వైద్యం.

వేయించేటప్పుడు దగ్గరుండండి. నాచు గీకి, కడిగి, పగుళ్లు పూడ్చి, ప్రైమర్, ఆపైన రెండు కోట్లు. మా ట్యాంకు మూల నాచు మీదే పూసేశారు, ఒక్క వానకి అప్పడంలా లేచింది. ఫోన్ల మీద ఫోన్లు చేశాక వచ్చి మళ్లీ వేశారు.

తెలంగాణలో 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చి, 600 గజాలు, ఆపై స్థలాల్లో కట్టే ఇళ్లకి తప్పనిసరి అన్నారు. మనలాంటి చిన్న డాబాలకే ఎక్కువ అవసరం, ఏం లాభం!

దుమ్ము పట్టి తెలుపు మాస్తే పనితనం తగ్గుతుంది, ఏటా వేసవి ముందు కడగాలి. సంక్రాంతి దాటగానే వేయించుకోండి. రోహిణి కార్తెలో మేస్త్రిలు దొరకరు, దొరికినా రేటు వినలేం.