బంగారు పూత గ్రేటింగులు: ఆరేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను, ఈ గ్రేటింగుల (దగ్గరదగ్గరగా సన్నటి గీతలున్న పలకల) జత మంచిదే. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను. కాకపోతే పలకలు ఇంకాస్త ఎత్తుగా ఉండాలని అడుగుతాను.

మాది తిరుపతి పక్కన ఒక చిన్న లేజర్ ల్యాబ్. టైటానియం సఫైర్ లేజర్, తరంగదైర్ఘ్యం 800 నానోమీటర్లు, సెకనుకి 10 పల్సులు (కాంతి తునకలు), ఒక్కో పల్స్ 40 ఫెమ్టోసెకన్లు. ఫెమ్టోసెకను అంటే సెకనులో వెయ్యి లక్షల కోట్లో వంతు. పల్స్‌ని ముందు సాగదీసి, శక్తి పెంచి, చివర్లో మళ్లీ కుదించే పద్ధతి. 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్డ్ మూరూ చేసి చూపించారు, 2018లో దానికే నోబెల్ వచ్చింది. ఆ చివరి కుదింపు పని ఈ గ్రేటింగులది. మిల్లీమీటరుకి 1480 గీతలు. మైక్రోస్కోప్ ఫొటో చూసి మా టెక్నీషియన్ "శెనక్కాయ చేలో చాళ్లు తోలినట్టుందే సామీ" అన్నాడు. అప్పట్నించీ మా ల్యాబ్‌లో వాటిని చాళ్లనే అంటాం. ఒక వెంట్రుక మందంలో ఈ చాళ్లు వంద పడతాయి.

చెన్నై కస్టమ్స్ నుంచి కార్లో తెచ్చాం. నగరి, పుత్తూరు గుంతల్లో డబ్బా నా ఒళ్లోనే ఉంది.

కొత్తలో 60 మిల్లీజౌల్స్ లోపలికి పంపితే 43 బయటికొచ్చేవి. బీమ్ రెండు పలకల మీద కలిపి నాలుగుసార్లు పడుతుంది. పడ్డ ప్రతిసారీ 92 శాతం మిగిలితే చివరికి అంతే తేలుతుంది. ఇప్పుడు 38కి దిగింది, అంటే ఒక్కోసారికి 89 శాతం. ఈ తరుగులో ఎక్కువ భాగం మా చేతులారా చేసుకున్నదే. మొదటి ఏడాది వాక్యూమ్ ఛాంబర్‌కి ఆయిల్ రోటరీ పంపు పెట్టాం. ఆ నూనె ఆవిరి పలక మీదికి చేరి, లేజర్ పడే చోట గోధుమరంగు పొర కట్టింది. డ్రై పంపుకి మారాక అది పెరగడం ఆగింది కానీ, పట్టింది పోలేదు. తుడిచేద్దామా అంటే బంగారం మెత్తన, గుడ్డ తగిలితే చాళ్లు పోతాయి. పొడి నైట్రోజన్ ఊదడం తప్ప మేం ఇంకేమీ చెయ్యం.

ఇక అసలు సంగతి, డ్యామేజ్. ఫెమ్టోసెకన్ పల్సులకి బంగారు పూత చదరపు సెంటీమీటరుకి 200 మిల్లీజౌల్స్ పైనే తట్టుకుంటుందని రాస్తారు. ఆ అంకె చూసి మురిసిపోకండి. అది శుభ్రమైన చోట, ఒక్కోసారి ఒక్క పల్స్‌తోనే తీసిన లెక్క కావచ్చు. మా లేజర్ గంట నడిస్తే అదే చోట 36,000 పల్సులు పడతాయి. ఎక్కువ పల్సులు పడేకొద్దీ హద్దు దిగుతుంది. అందుకే మేం 100 దాటకూడదని గీత పెట్టుకున్నాం. మామూలుగా మా బీమ్ 20 మిల్లీమీటర్ల వెడల్పు. ఆఖరిసారి పలక మీద పడేటప్పుడు నడిమధ్యన చదరపు సెంటీమీటరుకి 30 మిల్లీజౌల్స్ ఉంటుంది, అంతే. ఇంత వెసులుబాటు ఉన్నా ఒక మచ్చ తెచ్చుకున్నాం.

తప్పు నాదే. నవంబరు వానల తేమకి లెన్స్ డబ్బాల మీది చీటీలు ఊడిపోయాయి. వేరే ప్రయోగానికని తీసిన, బీమ్ వెడల్పు పెంచే టెలిస్కోప్ లెన్స్‌ని తిరిగి పెడుతూ, పక్క డబ్బాలోది పెట్టాను. బీమ్ వెడల్పు సగమైంది. సగమైతే చదరపు సెంటీమీటరు మీద పడే శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు! 30 కాస్తా 120 అయింది. బీమ్‌లో ఎక్కడో ఒక హాట్ స్పాట్ (శక్తి పోగుపడిన చోటు) ఉంటే అక్కడ ఇంకా ఎక్కువ. పావుగంట నడిచాక కెమెరాలో బీమ్ మధ్య నల్ల చుక్క కనబడింది. "అన్నా, కెమెరా మీద దుమ్ము పడినట్టుంది" అన్నాడు స్కాలర్. నాకు మాత్రం కడుపులో తిప్పింది.

ఛాంబర్ తెరిచి, లైట్లార్పి, టార్చి ఏటవాలుగా పట్టాను. పలకంతా ఇంద్రధనుస్సు రంగులు, మధ్యలో కందిబద్దంత తెల్లటి మసక. విచిత్రమేంటంటే ఆ మొదటి పలక మీద బీమ్ రెండు చోట్ల పడుతుంది, లోపలికి వెళ్లేటప్పుడు కింద, తిరిగొచ్చేటప్పుడు పైన. కింద శక్తి ఎక్కువ, అయినా చిన్న మచ్చ కూడా లేదు. పైన శక్తి తక్కువ, కానీ అప్పటికి పల్స్ పూర్తిగా కుదించుకుపోయి ఉంటుంది. వేడి పక్కకి పాకే వ్యవధి కూడా బంగారానికి దొరకదు. మచ్చ అక్కడే.

డైఎలెక్ట్రిక్ గ్రేటింగులు (లోహం బదులు గాజులాంటి పొరలతో చేసేవి) కొనుంటే సరిపోయేది కదా అని చాలామంది అడిగారు. అవి కాంతిని దాదాపు పీల్చుకోవు, పికోసెకన్ (వెయ్యి ఫెమ్టోసెకన్ల) పల్సులకి బంగారం కన్నా బాగా ఓర్చుకుంటాయి. కానీ 40 ఫెమ్టోసెకన్ల పల్స్‌కి ఒకే రంగు చాలదు, దాని రంగుల పట్టీకి సగం ఎత్తు దగ్గరే 24 నానోమీటర్ల వెడల్పు కావాలి, అంచులు కలిపితే దానికి రెండింతల పైమాటే. అంత వెడల్పంతటా ఒకే తీరున పనిచేసే డైఎలెక్ట్రిక్ దొరకడం కష్టం. అమెరికాలో లివర్‌మోర్ ల్యాబ్ వాళ్లు 1996లో పెటావాట్ (వెయ్యి లక్షల కోట్ల వాట్లు) అందుకున్నది కూడా బంగారు గ్రేటింగులతోనే, దాదాపు మీటరు వెడల్పున్నవి. బీమ్‌ని వెడల్పు చేశారు. గట్టి పలక కోసం వెతకడం కన్నా ఆ దారే నాకు నచ్చుతుంది.

ఆయుధపూజ రోజు గొడవ వేరు. ఒక ఏడాది ఛాంబర్ మూత తీసి ఉండగానే కర్పూరం, అగరొత్తులు తెచ్చేశారు. పొగ పలక మీదికి చేరుతుందని గుమ్మంలోనే ఆపాను. ఇప్పుడు బొట్టు ఛాంబర్ కాలికి పెడతారు, హారతి వరండాలో.

మచ్చకి మందు లేదు. చాళ్లు నిలువుగా ఉంటాయి కాబట్టి పలకని పైకి జరిపినా బీమ్ దారి మారదు. 15 మిల్లీమీటర్లు జరిపి, రెండు రోజులు కూర్చుని పల్స్ మళ్లీ సరిచేసుకున్నాం. ఇప్పటికీ ఆ పలకే వాడుతున్నాం. ఇంకోసారి జరపాలంటే మాత్రం పలక ఎత్తు చాలదు.