గోడ చెమ్మకు టైల్సా, కెమికల్ ఇంజెక్షనా: ఏది మేలు?

విశాఖలో కింది అంతస్తు గోడకు చెమ్మ పడితే మేస్త్రీలు ఎక్కువగా చెప్పేది ఒకటే: మూడడుగుల ఎత్తున టైల్స్ వేసేద్దామని. దయచేసి వేయించకండి. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇటుక నేలలోని నీటిని పైకి లాగుతుంది. ఇన్నాళ్లూ ఆ నీరు ప్లాస్టరింగ్ మీదుగా ఆరిపోతోంది. టైలు ఆ దారి మూసేస్తే ఇంకా పైకెక్కి, టైలు పై అంచున తేలుతుంది. అక్కడ పుట్టీ పొంగి, గోరు పెడితే తెల్లటి ఉప్పు పొడితో సహా రాలుతుంది. వాటర్‌ప్రూఫ్ పెయింటుదీ అదే కథ, కాకపోతే ముందు బుడగలు లేస్తాయి.

ఇంజెక్షన్, అంటే గోడ అడుగున రంధ్రాలు వేసి నీటిని ఆపే కెమికల్ నింపడం, మేలు, అయితే చెమ్మ నేల నుంచే వస్తోందని తేలాకే. గోడ మీద పాలిథిన్ ముక్క పెట్టి, అంచులన్నీ టేపుతో మూసి రెండు రోజులు వదలండి. లోపలి వైపు తడిస్తే నీరు గోడలోదే. బయటి వైపు తడిస్తే అది గదిలోని తేమ. ఏసీ గదుల్లో ఇది మామూలే, దానికి ఇంజెక్షన్ దండగ.

రోడ్లు మళ్లీ మళ్లీ వేసి ఎత్తు పెరిగిన వీధుల్లో ముందు బయట చూడాలి. ప్లింత్ (బయటి నేల నుంచి ఇంటి గచ్చు దాకా లేచే పునాది గోడ) అంచు దాకా మట్టి చేరితే తవ్వించి, నీరు గోడకు దూరంగా పోయేలా వాలు పెట్టాలి. కొన్ని ఇళ్లకు ఈ పనితోనే చెమ్మ తగ్గిపోతుంది.

తగ్గకపోతే బయటి నేలకు ఆరంగుళాల పైన, ఇటుకలో కాకుండా సిమెంట్ వరసలో, 12 సెం.మీ.కొకటి చొప్పున 12 మి.మీ. రంధ్రాలు వేయాలి. తొమ్మిదంగుళాల గోడకు లోతు 19 సెం.మీ. పది అడుగుల గోడకు సుమారు 25 రంధ్రాలు, అరలీటరు పైచిలుకు సిలేన్ క్రీమ్ (గోడలో ఇంకి నీటిని పైకెక్కనివ్వని కెమికల్) పడతాయి. దుమ్ము ఊదకుండా నింపితే క్రీమ్ గోడలోకి ఇంకదు. పని చెడేది ఎక్కువగా ఇక్కడే.

ఉప్పు పట్టిన పాత ప్లాస్టర్‌ను చెమ్మ గీతకు అడుగు పైదాకా చెక్కేయాలి. వాన లేని ఉక్కపోత రోజున కూడా గోడ తడిగా తగిలితే కారణం ఆ ఉప్పే, గాలిలోని తేమను అదే లాక్కుంటుంది. తర్వాత తొందరపడొద్దు: అంగుళం మందానికి నెల చొప్పున ఆరనివ్వాలి. కొత్త పూత సున్నంతో, నేలకు అంగుళం ఎడం వదిలి వేయించండి. నేలకు తగిలితే చెమ్మ ఆ పూత గుండానే మళ్లీ ఎక్కుతుంది.

పాత రాతి గోడలకు మాత్రం ఇంజెక్షన్ అంత నమ్మకం కాదు. రాళ్ల మధ్య ఖాళీల్లోకి క్రీమ్ జారిపోతుంది. వాటికి బయట కాలువ, లోపల సున్నపు పూతే మేలు.