డప్పుకు 1176, గొంతుకు ఎల్‌ఏ-2ఏ

అమలాపురంలోని మా చిన్న గదిలో, కనుమనాటి ప్రభల తీర్థం కోసం ఒక పాట మిక్స్ చేస్తున్నాను. మంటకు కాచి బిగించిన డప్పు, దానితో ఒక ఆడగొంతు. 1176, ఎల్‌ఏ-2ఏ అనే రెండు పాత కంప్రెసర్ల (పెద్ద శబ్దాన్ని తగ్గించి హెచ్చుతగ్గులను అదుపు చేసే పరికరాల) సాఫ్ట్‌వేర్ రూపాలను మార్చి మార్చి పెట్టి విన్నాను.

1967లో వచ్చిన 1176లో శబ్దాన్ని అదుపు చేసేది ట్రాన్సిస్టర్. అటాక్, అంటే శబ్దం పెరిగాక దాన్ని పట్టుకోవడానికి తీసుకునే సమయం, 20 నుంచి 800 మైక్రోసెకన్లు. ఎంత నెమ్మదిగా పెట్టినా మిల్లీసెకను దాటదు. అటాక్ నాబ్‌ను కుడికి తిప్పేకొద్దీ సమయం పెరగదు, వేగం పెరుగుతుంది. కొత్తవారు ఇక్కడే పొరబడతారు. డప్పుకు నిష్పత్తి 4:1 (హద్దు దాటిన ప్రతి 4 డెసిబెల్స్‌నూ 1కి తగ్గించడం), అటాక్ బాగా నెమ్మది, రిలీజ్ (పట్టు వదలడం) వేగం పెట్టాను. పుల్ల తగిలిన ‘టక్’ చెక్కుచెదరలేదు, దాని వెనకే తోలు మోత పైకి లేచింది. ఎంత ప్రాణం వచ్చిందో! నిష్పత్తి బటన్లు నాలుగూ కలిపి నొక్కితే మోత గరుకెక్కుతుంది. ఆ గరుకును వేరే ట్రాక్‌లో ఉంచి, అసలు డప్పు కింద కొద్దిగా కలపాలి.

ఎల్‌ఏ-2ఏ తీరు వేరు. శబ్దం పెరిగితే లోపల చిన్న పలక వెలుగుతుంది, ఆ వెలుగే శబ్దాన్ని తగ్గిస్తుంది. అటాక్ సుమారు 10 మిల్లీసెకన్లు. పట్టు సగం 60 మిల్లీసెకన్లలో వదులుతుంది, మిగతా సగానికి సెకన్లు పడుతుంది. అందుకే డప్పు వరుస దెబ్బలకు తేరుకోలేక చప్పబడింది. గొంతు మాత్రం సాగదీసిన రాగం చివరిదాకా నిండుగా నిలిచింది. 3 డెసిబెల్స్ తగ్గింపు చాలు.

ఒక్కటే కొనాల్సి వస్తే నేను 1176 తీసుకుంటాను. అది గొంతునూ మోయగలదు.