ఆర్‌డీఏలో వాలంటీర్‌గా: గుర్రాన్ని పట్టుకోవాలా, మనిషి పక్కన నడవాలా?

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ళు, ముఖ్యంగా పిల్లల్ని స్కూల్లో దింపాక పగలు కాస్త తీరిక దొరికేవాళ్ళు, నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. వైకల్యం ఉన్నవాళ్ళకు గుర్రపుస్వారీ నేర్పే రైడింగ్ ఫర్ ది డిసేబుల్డ్ అసోసియేషన్ 1969 నుంచీ ఉంది. అందరూ ఆర్‌డీఏ అంటారు. అందులో వాలంటీర్‌గా చేరితే గుర్రాన్ని పట్టుకు నడిపించే లీడర్‌గా చెయ్యాలా, రైడర్ పక్కన నడిచే సైడ్ వాకర్‌గా చెయ్యాలా? నేను రెండూ చేశాను. ఈమధ్యే లీడర్ ట్రైనింగ్ పూర్తయింది, అయినా సైడ్ వాకర్‌గానే ఉంటానని మా గ్రూపులో చెప్పేశాను.

లీడర్ పని చూడ్డానికి తేలిక. గుర్రానికి ఎడమవైపున, తలకూ భుజానికీ మధ్య నడవాలి. తాడు చేతికి చుట్టుకోకూడదు. చూపు ఎప్పుడూ వెళ్ళే దారి మీదే ఉండాలి. మలుపు ఒక్కసారిగా తిప్పితే రైడర్ పక్కకు జారిపోతారు, హఠాత్తుగా ఆపితే ముందుకు తూలతారు. గుర్రం నడుస్తుంటే దాని వీపు ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందకూ కదులుతుంది. మనం నడిచేటప్పుడు మన నడుము కదిలేదీ దాదాపు ఇలాగే. సొంతంగా నడవలేని పిల్లలకు ఆ కదలిక గుర్రం మీదే దొరుకుతుంది. అడుగు నిలకడగా పడితేనే అది అందుతుంది, ఆ నిలకడ లీడర్ చేతిలో ఉంటుంది. గుర్రాలంటే ప్రాణం అనుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి పని లేదు.

కానీ సెషన్ అంతా లీడర్‌కు గుర్రమే లోకం. వెనక రైడర్ నవ్విందో, భయపడిందో తెలియదు. మనిషికి సాయం చెయ్యాలని వచ్చినవాళ్ళకు ఇది వెలితిగానే ఉంటుంది. నా దృష్టిలో తేల్చాల్సిందల్లా ఇదే: మీ కళ్ళు ఎవరి మీద ఉండాలనుకుంటున్నారు?

సైడ్ వాకర్ రైడర్ కాలి పక్కనే నడుస్తారు. సపోర్ట్ ఎక్కువ కావాలంటే ముంజేతిని రైడర్ తొడ మీదుగా వేసి, వేళ్ళతో జీను ముందుభాగం పట్టుకుంటారు. చెయ్యి అలా ఎత్తి ఇసుకలో నడుస్తుంటే కాసేపటికే భుజం లాగేస్తుంది. చెరోవైపు ఒక సైడ్ వాకర్ ఉన్నప్పుడు వైపు మారాలంటే గుర్రాన్ని ఆపించి, ఒకరి తర్వాత ఒకరు మారాలి. ఇద్దరూ ఒకేసారి చెయ్యి వదలకూడదు. పొట్టివాళ్ళకు ఎత్తు గుర్రం పక్కన కష్టం, ఆ మాట ముందే చెప్పేస్తే వేరే గుర్రం దగ్గర వేస్తారు.

ఇదంతా నేర్చుకోవచ్చు. మనవాళ్ళకు నిజంగా కష్టమయ్యేది సాయం తగ్గించుకోవడం. మాటలు సరిగా రాని పిల్లలు గుర్రాన్ని కదిలించడానికి ‘వాక్ ఆన్’ అనాలి. ఓ పాప పెదవులు కదుపుతుంది, ఆగుతుంది, గుర్రం మెడ నిమురుతుంది, మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ కాసేపూ ఊరుకోవడం మనకు చాతకాదు, ప్రేమతోనే ఆ మాట మనం అనేస్తాం. అనేస్తే గుర్రం కదులుతుంది, కానీ కదిలించింది తను కాదు. సైకిల్ నేర్పేటప్పుడు వెనక సీటు పట్టుకున్న చెయ్యి ఎప్పుడు వదలాలో తెలిసినట్టు, తొడ మీది చెయ్యి చీలమండకు ఎప్పుడు దించాలో, అక్కణ్ణుంచి ఎప్పుడు తియ్యాలో ఇన్‌స్ట్రక్టర్ చెప్తారు. ఆ చెప్పడానికి ఆధారం మనం దగ్గరుండి చూసినదే. తల ఓ పక్కకు వాలుతోందంటే అలసట వచ్చిందని అందరికన్నా ముందు తెలిసేది మనకే.

రైడర్లను పేషెంట్లుగా చూడొద్దు. కదలికల మీద పట్టు తగ్గించే సెరిబ్రల్ పాల్సీ ఉన్న సోఫీ క్రిస్టియాన్సెన్ ఆరేళ్ళప్పుడు ఆర్‌డీఏలోనే మొదలుపెట్టి, పారాలింపిక్స్‌లో ఎనిమిది స్వర్ణాలు గెలిచారు. ఏదైనా అడగాలంటే పక్కనున్న అమ్మను కాదు, రైడర్‌నే అడగండి.

మిగతావి: జీను మీద కూర్చోలేనివాళ్ళ కోసం కొన్ని గ్రూపుల్లో గుర్రపుబండి తోలడం ఉంటుంది, అదీ బాగుంటుంది. లాయం శుభ్రం చెయ్యడం, విరాళాల పని ఎప్పుడూ ఉండేవే. ప్రతివారం రాలేనివాళ్ళు వీటికే వెళ్ళడం న్యాయం, ఎందుకంటే పక్కన మనిషి మారితే కొందరు పిల్లలు గుర్రమెక్కరు.

చాలా సెషన్లు స్కూలు రోజుల్లో పగటిపూటే ఉంటాయి. ఉద్యోగస్తులు శనివారం నడిపే గ్రూపు దగ్గర్లో ఉందో లేదో ముందు కనుక్కోండి. డీబీఎస్ చెక్, అంటే నేరచరిత్ర తనిఖీ, వాలంటీర్లకు ఉచితం. మొదటిరోజు గట్టి బూట్లు వేసుకోండి. గాజులు, వేలాడే చెవిదుద్దులు ఇంట్లో పెట్టి వెళ్ళండి, చున్నీ వద్దు, గాలికి ఎగిరితే గుర్రం బెదురుతుంది.